27,600 రూపాయలు, ఒక కెమెరా, నాలుగు నెలల తన్లాట

పోయిన యేడాది సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ ఆడుతుంటే ఫోన్ తోని ఫోటోలు తీసిన, మొత్తం ఒక 60 దాకా ఉంటయి, తెల్లారి చాయ్ తాగుకుంట చూస్తే ఒక్కటంటే ఒక్కటి సక్కగ లేదు. వీధి లైటు కింద ఆడుతున్నరు, వంగుతున్నరు, లేస్తున్నరు, చప్పట్లు కొడుతున్నరు, ఫోన్ ఏమో ప్రతి దాంట్ల అమ్మ చేతులను పొగ లెక్క చేసి పెట్టింది. మొఖం మంచిగున్న కాడ చెయ్యి లేదు, చెయ్యి మంచిగున్న కాడ మొఖం లేదు. ఫోన్ పాతదేం కాదు, పగటి పూట దానికి వంక పెట్టేది లేదు, పొద్దు గూకితేనే దాని బతుకు బయటపడ్తది. అమ్మ మాత్రం ఆ ఫోటోలు చూసి "ఏముంది బిడ్డా, మల్లేడు తీద్దువు తియ్" అన్నది. గా మాటకే కడుపుల ఏదో తిప్పినట్టైంది, అమ్మకు మోకాళ్ల నొప్పులు, మల్లేడు ఎంత సేపు ఆడుతదో ఎవరికి తెలుసు. గందుకే వచ్చే బతుకమ్మ లోపట కెమెరా కొనాలె అని ఆడనే అనుకున్న.

నేను నల్లగొండల ఉంట, రోజూ మిర్యాలగూడ పోయి ఒక రైస్ మిల్లుల లెక్కలు రాస్త. జీతం సంగతి అడగొద్దు, చెప్పొద్దు. ముందుగాలనే 30 వేల చిట్టీ ఒకటి ఏసి ఉంటిమి, పాట పాడి ఎత్తుకుంటే చేతికొచ్చింది 27,600. గంతే, గదే నా బడ్జెట్. ఈఎంఐ పెట్టుకుంటే ఇంకా మంచిది వస్తది కదా అని దోస్తులందరు అన్నరు, ఇంట్ల ఆ మాట ఎత్తంగనే మా ఆమె "ముందు బండి కిస్తీలు ఒడవనీయ్, అప్పుడు సూద్దాం" అని పొయ్యి దిక్కు తిరిగింది. ఆమె అన్నది నిజమే, ఫోటోలు తీస్తె పైసలొచ్చేది లేదు నాకు, ఇది సరదాకు కొనేది, సరదాకు అప్పు చేసుడు మంచిగుండదు.

ఇగ కెమెరా కొంట అన్న సంగతి బయటికి తెలిసిందో లేదో ప్రతోడు ఒక సలహా ఇచ్చుడే. మిల్లుల ఒకాయన మెగాపిక్సెల్ ఎక్కువున్నది చూస్కో అన్నడు, ఆయన ఫోన్ల 108 ఉన్నయంట, మరి ఆ ఫోన్ తోనే తీయొచ్చు కదా అనలే నేను. మా బామ్మర్ది మిర్రర్‌లెస్ అంటడు, అంటే లోపట అద్దం లేని కొత్త రకం కెమెరా, అది తప్ప ఇంకేది కొన్నా దండుగ బావా అంటడు, వీడియోలు చూసీ చూసీ వాని తలకాయల మొత్తం ఫుల్ ఫ్రేమే, అదే ఫోటో పడే చిప్ పెద్దగుండే ఖరీదు కెమెరానే, ఉన్నది. సరే మరి నువ్విస్తవా మిగతా 80 వేలు అంటే ఫోన్ పెట్టేసిండు.

ఆఖరుకు దేవరకొండల ఉండే మా చిన్నాయనకు ఫోన్ చేసిన. ఆయన 20 ఏండ్ల కింద ఫోటో స్టూడియో నడిపిండు, నికాన్ ఎఫ్ఎం10 మెడల ఏస్కొని స్కూటర్ మీద పెండ్లిళ్లకు పోయెటోడు, రోల్‌కు 36 ఫోటోలే కాబట్టి తాళి కట్టే కాడికి ఎన్ని మిగిలినయో లెక్క పెట్టుకుంట తీసెటోడు. ఇప్పుడు స్టూడియో లేదు, జిరాక్స్ సెంటర్ ఉన్నది. ఆయనకు ఏ మోడల్ కొనాలె చిన్నాయనా అని అడిగితే మోడల్ సంగతే ఎత్తలే.

"దాంతోని ఏం తీస్తవ్ రా?"

"అన్నీ తీస్త."

"అన్నీ తీసే కెమెరా మీ నాయిన పొలం అమ్మినా రాదు. ముందు ఏం తీస్తవో తేల్చుకొని ఫోన్ చెయ్ పో."

నాకు ఆయన మీద కొంచెం కోపమొచ్చింది గని రాత్రి పండుకున్నంక అదే తిరుగుతున్నది మనసుల. నిజంగ నేను ఏం తీస్త? నా ఊహల నేను పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పొద్దుపొద్దున్నే కూసొని, ఇంత పొడుగు లెన్స్ పెట్టుకొని కొంగలను, నీటికాకులను తీస్తున్న. అది ఊహ. ఊహ ఎంతవరకు నిజమో చూద్దామని ఆదివారం నాడు నోటుబుక్ పట్టుకొని ఫోన్ గ్యాలరీ తెరిచిన, అలవాటైన పనే కదా లెక్కలు రాసుడు. స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌ల వచ్చినయి పక్కకు పెడితే ఒక్క యేడాదిల నేను తీసినయి 1,143 ఫోటోలు. అండ్ల మా బిడ్డయి, ఇంట్ల తీసినయి, 512. పండుగలు, పెండ్లిళ్లు, గుళ్లు కలిపి 338. మిల్లు కాడ లారీ బిల్లులు, తూకం చిట్టీలు 170, అవి తీస్తెనే మనకు జీతం. చెరువు, పక్షులు, సూర్యుడు మునుగుడు అన్నీ కలిపి 61. మిగిలినయి ఏంటివో నాకే తెల్వదు, ఒక దాంట్ల నా బొటనవేలు మాత్రమే ఉన్నది.

61 ఫోటోల కోసం నేను బడ్జెట్ మొత్తం పొడుగు లెన్స్ మీద పెట్టబోయిన. చిన్నాయనకు మల్ల ఫోన్ చేసి ఈ లెక్క చదివి వినిపిస్తే ఆయన నవ్విండు. "అయితే నువ్వు తీసేది మనుషులను రా, అదీ వెలుతురు లేని కాడ. నీకు కావల్సింది పొడుగు లెన్స్ కాదు, తూము పెద్దగున్న లెన్స్."

తూము అన్న మాటతోనే నాకు అపర్చర్ సమజైంది, అప్పటిదాక ఎన్ని వీడియోలు చూసినా ఆ ఎఫ్ నంబర్లు తలకెక్కలే. చెరువు తూము ఎంత లేపితే అన్ని నీళ్లు కాల్వలకు పోతయి కదా, లెన్స్‌ల గుడ తూము ఉంటది, అది ఎంత తెరుసుకుంటే అంత వెలుతురు లోపలికి పోతది. కాకపోతే దీని నంబరు ఉల్టా, నంబరు చిన్నగుంటే తూము పెద్దగున్నట్టు. కెమెరా తోని పెట్టెల వచ్చే కిట్ లెన్స్, అదే 18-55, దాని మీద 3.5-5.6 అని రాసి ఉంటది, అంటే జూమ్ చెయ్యకుంటే 3.5, మొత్తం జూమ్ చేస్తే 5.6 కంటే ఎక్కువ తెరుసుకోదు. అదే 50 ఎంఎం లెన్స్ ఒకటి ఉంటది, జూమ్ ఉండదు, మనమే ముందుకు ఎనకకు నడవాలె, దాని తూము 1.8. ఈ రెండిటికి తేడా ఎంత అని క్యాల్కులేటర్‌ల కొట్టిన, 5.6 ని 1.8 తోని భాగించి వచ్చినదాన్ని దాంతోనే గుణిస్తే 9.7 వచ్చింది. అంటే దగ్గర దగ్గర 10 రెట్ల వెలుతురు. కిట్ లెన్స్ తోని షట్టర్ 15 ల ఒక వంతు సెకను తెరిచి పెట్టాల్సిన కాడ 50 ఎంఎం తోని 150 ల ఒక వంతు సరిపోతది. అమ్మ చెయ్యి పొగ లెక్క అయ్యేది, చెయ్యి లెక్క ఉండేది ఆ తేడాలనే.

ఇది తెలిసినంక బాడీ, అదే లెన్స్ లేని ఉత్త కెమెరా, దాని మీద మోజు సగం తగ్గింది. మొత్తం పైసలు బాడీకి పోసి వచ్చిన కిట్ లెన్స్ తోని సరిపెట్టుకుంటే మల్ల సద్దుల నాడు నా కత అదే కత. బాడీ పాతదైనా పర్వాలేదు గని 50 ఎంఎం కి ముందుగాల ఆరేడు వేలు పక్కకు తీసి పెట్టాలె, ఇది గట్టిగ అనుకున్న. కొత్తది అడుగుదామని నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు ఒక షాపుల పోయి కెనాన్ 1500డీ అడిగిన, 2018 ల వచ్చిన మోడల్ అది, 24 మెగాపిక్సెల్, కిట్ లెన్స్ తోని 40 వేల పైన చెప్పిండు. నా జేబు చూస్కొని బయటికి వచ్చిన. ఇగ సెకండ్ హ్యాండే గతి.

సెకండ్ హ్యాండ్ అంటే మొదట్ల నాకు భయముండె, కొంచెం తెల్సుకున్నంక ఇదే మంచి టైం అనిపించింది. 2018 ల నికాన్ జెడ్6, జెడ్7 తెచ్చింది, కెనాన్ ఈఓఎస్ ఆర్ తెచ్చింది, అప్పటి సంది పెద్ద కంపెనీలన్నీ మిర్రర్‌లెస్ బాట పట్టినయి, ఫంక్షన్లు తీసెటోళ్లు గుడ ఒక్కొక్కలు మారుతున్నరు, వాళ్ల పాత డీఎస్ఎల్ఆర్‌లు, అదే లోపట అద్దమున్న కెమెరాలు, అన్నీ బయటికి వస్తున్నయి. కొనెటోడు తక్కువ, అమ్మెటోడు ఎక్కువ. మన మిల్లుల వడ్లు ఒక్కసారే వచ్చి పడ్డట్టు.

ఇందుల నికానా కెనానా అని మల్లొక రంది. నికాన్‌ల ఒక తిరకాసు ఉన్నది, అది తెల్వక శానా మంది మోసపోతరు కాబట్టి చెప్తున్న. డీ3000 తోని మొదలయ్యే బాడీలు, డీ5000 వరస బాడీలు, డీ3500, డీ5300 గివన్నీ, వీటి లోపట ఫోకస్ తిప్పే మోటర్ ఉండదు. లెన్స్‌లనే మోటర్ ఉండాలె. 50 ఎంఎం 1.8డీ అని పాత లెన్స్ ఒకటి మస్తు సస్తాగ దొరుకుతది, అది వీటికి పెడితే ఆటో ఫోకస్ కాదు, చేతితోని తిప్పుకుంట కూసోవాలె, ఉరికే చిన్న పిల్లలను చేతితోని ఫోకస్ చేసుడు నాతోని అయ్యే పని కాదు. డీ90, డీ7000 అసొంటి వాటిల మోటర్ ఉంటది గని అవి జర బరువు. కెనాన్‌ల ఈ బాధ లేదు, ఈఎఫ్ లెన్స్‌లన్నిట్ల మోటర్ లెన్స్‌లనే ఉంటది. గందుకే కెనాన్ దిక్కు మొగ్గిన, ఇంకో కారణమేం లేదు. సోనీ ఏ6000 గుడ చూసిన, చిన్నగ ముద్దుగ ఉన్నది, 2014 దైనా ఫోకస్ మస్తు స్పీడ్, కానీ దానికి మంచి లెన్స్ కొనబోతే బాడీ ఇంకోటి కొన్నంత అయితున్నది.

చూసీ చూసీ కెనాన్ 700డీ మీద ఆగిన. 2013 మోడల్, 18 మెగాపిక్సెల్, స్క్రీన్ బయటికి మడత తిరుగుతది, టచ్ గుడ పని చేస్తది. 18 సరిపోతదా అంటే, ఫోటో 5184 బై 3456 వస్తది, 12 బై 18 సైజు ప్రింట్ దర్జాగ తీయించుకోవచ్చు, మా ఇంట్ల గోడకు అంతకన్న పెద్దది పెడితే క్యాలెండర్‌కు జాగ ఉండదు.

కొనుడు మాత్రం అనుకున్నంత అలకగ కాలే. మొదలు ఆన్‌లైన్‌ల ఒకడు తగిలిండు, 700డీ రెండు లెన్స్‌లు బ్యాగు అన్నీ కలిపి 9 వేలే, ఆర్మీల పని చేస్తడంట, ట్రాన్స్‌ఫర్ అయిందంట, కొరియర్ ఖర్చు 2 వేలు ముందు ఫోన్‌కు కొట్టు అన్నడు. ఐడీ కార్డ్ ఫోటో గుడ పంపిండు. నాకు చెయ్యి గుంజింది, అబద్ధమెందుకు, కానీ మిల్లుల లోడు చూడకుండ పైసలు కట్టొద్దని రోజూ చెప్పేది నేనే. రేపు మనిషిని పంపి తీస్కుంట అన్న, ఆ తెల్లారి సంది నంబర్ పని చెయ్యలే.

రెండోది సూర్యాపేటల. మనిషి మంచోడే, కెమెరా గుడ చూడనీకి కొత్తదాని లెక్కనే ఉన్నది. చిన్నాయన చెప్పినట్టు లెన్స్ తీసి, రెండు మూతలు తీసి, ఒక పక్కనుంచి ఫోన్ టార్చ్ కొట్టి ఇంకో పక్కనుంచి చూసిన. అద్దం లోపట సన్నటి పోగులు, సాలీడు గూడు అల్లినట్టు, ఒక మూలకెల్లి మధ్యకు పాకుతున్నయి. ఆయన "అది దుమ్మన్నా, తుడిస్తే పోతది" అన్నడు. నేను చేతి రుమాలు తోని తుడిచిన, పోలే, అది లోపటిది, ఫంగస్. లెన్స్‌ను సంచిల పెట్టి బీరువా అడుగున ఏండ్లకేండ్లు పడేస్తే తేమకు వస్తది, ఒక్కసారి పట్టిందంటే విప్పి కడగాలె, దాని ఖర్చుకు ఇంకో లెన్స్ వస్తది. మొత్తం సెట్ 15 వేలకు ఇస్త, 14 కు ఇస్త అని బస్టాండ్ దాక ఎంబడి వచ్చిండు పాపం. చాయ్ తాగిపిచ్చి పంపిన.

మూడోది మహబూబ్‌నగర్‌ల. నల్లగొండ కెల్లి మహబూబ్‌నగర్ అంటే బస్సుల పొద్దంత కూసునుడే, నడుము సంగతి నడుముకే తెల్సు. ఇంటికి పోతే కెమెరా అమ్మే పిల్లగాడు లేడు, వాళ్ల నాయిన ఉన్నడు, పంచె కట్టుకొని, పెద్దమనిషి. బీరువాల కెల్లి పాత తువ్వాలల చుట్టి పెట్టిన కెమెరా తీసి బల్ల మీద పెట్టిండు. "మా పిలగాడు ఇంజినీరింగ్ చదువుకుంట సావగొట్టి కొనిపిచ్చుకున్నడు, ఇప్పుడు హైద్రాబాద్ల ఉద్యోగం, దీని మొఖమే చూస్తలేడు" అన్నడు. బీరువా, తువ్వాల అనంగనే నాకు సూర్యాపేట ఫంగస్ యాదికొచ్చి గుండె దడదడ కొట్టుకున్నది.

చిన్నాయనకు వీడియో కాల్ చేసి ఫోన్ ను నీళ్ల చెంబుకు ఆనిచ్చి పెట్టిన. మొదలు టార్చ్. "ఇంకో దిక్కు కెల్లి కొట్టురా, అట్ల కాదు, వంచి కొట్టు" అని ఆయన అంటనే ఉన్నడు. లోపట రెండు మూడు దుమ్ము రేణువులు తప్ప పోగులు లేవు. తర్వాత బాడీ పైన ఫ్లాష్ తొడిగే కాడ చూడుమన్నడు, పెండ్లిళ్లకు తిరిగిన కెమెరా అయితే రోజూ ఫ్లాష్ పెట్టి తీసి ఆడ నల్ల రంగు గీకుకపోయి తెల్లటి ఇనుము కనవడ్తది. దీనికి రంగు మొత్తం ఉన్నది. కింద మరలకు స్క్రూడ్రైవర్ గీతలు లేవు, అంటే విప్పలే. చేతితోని పట్టుకునే కాడ రబ్బరు ఉబ్బలే. లెన్స్‌కు మూత పెట్టి ఒక పది సెకన్ల ఫోటో తీసిన, నల్లటి స్క్రీన్ మీద జూమ్ చేసుకుంట పోతే ఎర్ర చుక్క ఒకటి కనవడ్డది, అది సెన్సార్‌ల, అదే ఫోటో పడే చిప్‌ల, పాడైన పిక్సెల్, ఒకటే కాబట్టి ఊకున్న. ఎఫ్ 22 పెట్టి సున్నమేసిన తెల్లగోడను తీస్తే ఒక మూలకు రెండు బూడిద మచ్చలు, అది సెన్సార్ మీది దుమ్ము, ఎఫ్ 5.6 పెడితే కనవడయి, తర్వాత ఇంటికొచ్చి గాలి బ్లోయర్ కొడితే ఒకటి పోయింది, ఇంకోటి ఇప్పటికీ ఆడనే ఉన్నది, దాని పేరు పెట్టలే గని పెట్టేంత దోస్తీ అయింది.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిండ్రు, అంటే ఇప్పటిదాక ఎన్ని ఫోటోలు తీసిండ్రు అనేది మాత్రం తెలుస్తలేదు. నికాన్ అయితే తీసిన జేపీజీ ఫోటోలనే ఆ లెక్క దాసిపెట్టి ఉంటది, వెబ్‌సైట్‌ల ఆ ఫోటో ఎక్కిస్తే చెప్తది. కెనాన్ చాలా మోడళ్లల్ల ఫోటోల రాయదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్ తోని చదవాలె, నేను ల్యాప్‌టాప్ తీస్కపోలే. బిల్లు ఉన్నదా అని అడిగితే పెద్దాయన లోపటికి పోయి ఎల్ఐసీ కాగితాల ఫైల్ లకెల్లి తీస్కొచ్చిండు, బిల్లు మీద సీరియల్ నంబర్, కెమెరా కింద నంబర్ ఒకటే. నాకు ఆ బిల్లు ఫైల్ చూసినంకనే సగం నమ్మకం వచ్చింది, బిల్లు గింత పైలంగ దాసిన ఇంట్ల కెమెరాను ఎత్తేసినట్టు వాడరు. 19 వేలు అన్నడు, నేను 16 అన్న, చిన్నాయన చెంబు కాడికెల్లి "17 చెయ్యున్రి పెద్దమనిషి" అన్నడు, అయిపోయింది. పెద్దాయన కెమెరాను మల్ల అదే తువ్వాలల చుట్టి ఇచ్చిండు, తువ్వాల గుడ నాకే. పిల్లలమర్రి దాక పోయి మొదటి ఫోటో దాన్నే తీద్దాం అనుకున్న, 2018 ల ఆ చెట్టుకు పురుగు పడితే మనిషికి ఎక్కిచ్చినట్టు సెలైన్లు ఎక్కిచ్చిండ్రు, ఆ ఫోటోలు పేపర్ల చూసిన కాన్నుంచి చూడాలె చూడాలె అని ఉండె, కానీ ఆఖరి బస్సు పోతదని ఉరికిన.

50 ఎంఎం కోసం హైద్రాబాద్ కోఠీ పోయిన. సెకండ్ హ్యాండ్ ఎస్‌టీఎం మోడల్ 6,200 కు ఇచ్చిండ్రు, టార్చ్ కొట్టి చూసే తీస్కున్న. ఆడ షాపతను ఊకోలే, 75-300 పొడుగు లెన్స్ ఒకటి చూపిచ్చి పక్షులు కండ్ల ముందటికి వస్తయి అన్నడు, నా 61 ఫోటోలు యాదికొచ్చి మనసు మల్ల గుంజింది, కానీ ఆ మూడో వెర్షన్‌ల స్టెబిలైజర్ లేదు, 300 కాడ చెయ్యి వణికితే పక్షి కాదు మబ్బు వస్తది. సరే మరి లెన్స్‌కు ఫిల్టర్ అయినా తీస్కో లేకుంటే గీతలు పడ్తయ్ అని ఒకటి చేతుల పెట్టిండు, చూస్తే 58 ఎంఎం ది. అది నా కిట్ లెన్స్ మూతికి సరిపోతది, ఈ 50 మూతి 49. ఆయనకు తెల్వక ఇచ్చిండో తెలిసే ఇచ్చిండో గని మూత ఎనక రాసి ఉంటది కదా, చూస్కొని తీస్కోవాలె.

మొత్తం లెక్క ఇట్లున్నది: బాడీ, కిట్ లెన్స్ 17,000, 50 ఎంఎం 6,200, 64 జీబీ కార్డ్ 650, ఇంకో బ్యాటరీ డూప్లికేట్‌ది 850, బ్యాగు 600, బ్లోయర్ 150, మూత గట్టిగ పట్టే ప్లాస్టిక్ డబ్బా, దాంట్ల ఏసే సిలికా జెల్ కలిపి 350. 25,800. మిగిలిన 1,800 ల రోజు ఖర్చులు 500 పోయినయి, ఇంకా 1,300 ఉన్నయని ఇంటికొచ్చి శాన గొప్పగ చెప్పిన. మా ఆమె ఆ 1,300 తీస్కున్నది. ఆ డబ్బా చూసి పచ్చడికి బాగుంటది గదా అన్నది, దాన్ని ముట్టొద్దని చేతులు జోడించిన.

పైసలన్నీ పెట్టినంక ఒక ఆదివారం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పోయిన, లెన్స్‌ల తేడా నిజంగ ఉన్నదా లేదా చూద్దామని. మూడు గర్భగుళ్ల గుడి అది, కందూరు చోడుల కాలంది, అండ్ల పడమటి గర్భగుడిల లింగం ఎనక గోడ మీద స్తంభం నీడ పొద్దంత పడ్డ కాడనే ఉంటది, సూర్యుడు తిరిగినా నీడ జరగదు. వెలుతురు నేరుగ పడకుండ పక్కల నుంచి వచ్చి స్తంభాల మీద పడి లోపలికి పోతది కాబట్టి అట్ల అంటరు. నాకు ఆ నీడ కన్న ఆడ వెలుతురు తక్కువుండుడే కావాలె. పంతులు గారిని అడిగి మొదలు కిట్ లెన్స్ పెట్టి తీసిన, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 3200 (వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచాలె అనే లెక్క), షట్టర్ 15 ల ఒక వంతు. నిజం చెప్పాలంటే నీడ మంచిగనే వచ్చింది! నాకు పానం సల్లబడ్డది, 6,200 దండుగ పెట్టిన్నా అని. ఎందుకంటే కిట్ లెన్స్‌ల స్టెబిలైజర్ ఉన్నది, చెయ్యి వణికినా అది ఆపుతది, లింగం ఎటు పోదు, నీడ అసలే పోదు. తర్వాత పంతులు హారతి ఇచ్చిండు, అప్పుడు చూడాలె, చెయ్యి మొత్తం పసుపు రంగు పొగ, అచ్చం అమ్మ బతుకమ్మ ఫోటోలెక్క. గబగబ 50 తొడిగి ఎఫ్ 1.8 పెట్టిన, షట్టర్ 160 ల ఒక వంతుకు వచ్చింది, పంతులు వేళ్లు, పళ్లెం అంచు, మంట మొన, అన్నీ విడివిడిగ. స్టెబిలైజర్ మన చెయ్యినే ఆపుతది, అవతలి మనిషి చెయ్యిని ఆపదు. ఇది ఎన్ని వీడియోలల్ల చెప్పినా నాకు ఎక్కలే, పంతులు చెయ్యి చూసినంక ఎక్కింది.

అట్లని 50 తోని అంతా బాగున్నదా అంటే లేదు. 700డీ సెన్సార్ చిన్నది, దాని మీద 50 పెడితే పెద్ద సెన్సార్ మీద 80 పెట్టినంత దగ్గరికొస్తది. మా ఇంట్ల గదులు 10 బై 10. బిడ్డ మంచం మీద కూసుంటే నేను తలుపు దాటి, వసార దాటి, దండెం మీద బట్టల మధ్యల నిలవడి తీయాలె, నేను ఆడ నిలవడంగనే అది మంచం దిగి నా కాడికే ఉరికొస్తది. కెనాన్‌ల 24 ఎంఎం 2.8 అని ఒకటి ఉన్నది, 50 కన్న వెడల్పుగ తీస్తది, బిస్కెట్ అంత పల్చగ ఉంటది, ఇంట్ల తీయనీకి అది సరిగ్గ సరిపోతుండె. గ్యాలరీ లెక్క రాసినప్పుడు 512 ఇంట్ల ఫోటోలు అని రాసిన గని ఆ ఇల్లు ఎంతున్నది అనేది రాయలే, అది నా తప్పు. టేపు తోని గది కొలుచుకొని, ఫోన్‌ల జూమ్ ఎంత పెడ్తున్నమో చూస్కొని లెన్స్ కొనుక్కుంటే ఈ తిప్పలు ఉండకపోతుండె.

మొన్న సద్దుల నాడు మల్ల అదే వీధి లైటు, అదే చప్పట్లు. పెట్టినవి ఎఫ్ 2, ఐఎస్ఓ 3200, షట్టర్ 160, ఫోకస్ నడిమి చుక్క ఒక్కటే, ఎందుకంటే చీకట్ల పక్క చుక్కలు తడుముకుంటున్నయి. 212 ఫోటోలు తీసిన, ఫోకస్ తప్పినయి తీసేస్తే 34 మిగిలినయి. అమ్మ ఒక దాంట్ల చప్పట్లకు చేతులెత్తి నవ్వుతున్నది, గాజులు లెక్కపెట్టొచ్చు, చేతి మీది పచ్చబొట్టు గుడ కనవడ్తది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌ల పెట్టి చూపిచ్చిన.

అమ్మ అన్నీ చూసింది, ఎనకకు పోయి ఒక దాని కాడ ఆపమన్నది. అది కిట్ లెన్స్ తోని తీసింది, ఆట మొదలు గాకముందు, ఇంకా వెలుతురు ఉన్నప్పుడు, వాడకట్టు ఆడోళ్లంత బతుకమ్మల చుట్టు నిలవడి ఉన్నరు, 18 కాడ, అంటే జూమ్ చెయ్యకుండ అందరు పట్టేటట్టు పెట్టి ఊకనే ఒకటి నొక్కిన.

"ఇది కడిగియ్ బిడ్డా."

"ఇది ఎందుకమ్మా, గాజులది చూడు ఎంత మంచిగొచ్చింది."

"అండ్ల నేనొక్కదాన్నే ఉన్న కదా. బతుకమ్మ ఏది? లచ్చక్క ఏది?"

12 బై 18 కడిగిపిచ్చిన, క్యాలెండర్ జరిపి పెట్టినం. 24 ఎంఎం కోసం ఈ నెల సంది ఇంకో చిట్టీ ఏసిన, 10 వేలదే, మా ఆమెకు ఇంకా చెప్పలే.